ఆగిన గడియారం కింద ఆరేళ్లు: ‘మెజోన్ ఇక్కొకు’ కలెక్టర్స్ ఎడిషన్, పది వాల్యూమ్‌లు

‘మెజోన్ ఇక్కొకు’ అనే ఈ మాంగాలో, అంటే జపనీస్ కామిక్‌లో, కథానాయిక క్యోకో వాకిలి ఊడుస్తూ కనిపించే బొమ్మలు లెక్కలేనన్ని. చేతిలో పొడుగు చీపురు, ఒంటిమీద కోడిపిల్ల బొమ్మ ఉన్న ఏప్రన్, దాని మీద ‘పియో పియో’ అన్న అక్షరాలు. జపనీస్‌లో కోడిపిల్ల కూత అది. మొదటి వాల్యూమ్‌లో ఆ బొమ్మని చూసీచూడనట్టు దాటేస్తాం. నాలుగో వాల్యూమ్‌కి వచ్చేసరికి చీపురు కదిలే తీరుని బట్టి ఆవిడ మనసులో ఏముందో చెప్పగలుగుతాం. కోపమొస్తే దుమ్ము లేస్తుంది. ఎవరి కోసమో చూస్తుంటే ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తుంది. అడగకూడని మాట ఎవరైనా అడిగితే చీపురు ఆగిపోతుంది. నోటితో చెప్పించలేని దాన్ని ఇంటిపనిలో పెట్టి చూపించడం రచయిత్రి రుమికో తకహాషికి తెలిసినంతగా ఈ రంగంలో ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది.

తకహాషి 1957లో నీగాతాలో పుట్టారు. ‘మెజోన్ ఇక్కొకు’ మొదలైంది 1980లో, ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ పత్రిక మొట్టమొదటి సంచికలో. అది స్కూలు పిల్లల పత్రిక కాదు. కాలేజీ దాటి ఉద్యోగాల్లో చేరుతున్న వయసువాళ్ల కోసం పెట్టింది. అదే సమయంలో ఆవిడ ఇంకో పత్రికలో పిల్లల కోసం గ్రహాంతరవాసుల హాస్య కథ కూడా నడుపుతున్నారు. ఒక చేత్తో ఎగిరే అమ్మాయిలు, ఇంకో చేత్తో అద్దె బకాయిలు. రెండు కథలూ 1987లోనే ముగిశాయి. జపాన్‌లో ‘మెజోన్ ఇక్కొకు’ మొత్తం పదిహేను వాల్యూమ్‌లుగా వచ్చింది. 2019లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవం ఆవిడకి గ్రాండ్ ప్రీ ఇచ్చింది. ఆ గౌరవానికి ఈ ఒక్క కథ చాలు అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ సమీక్ష కూడా అదే మాట మీద నిలబడుతుంది.

కథ టోక్యో శివార్లలో, ఒక వాలు మీదున్న పాత చెక్క ఇంట్లో నడుస్తుంది. ఇంటి పైన గడియారం గోపురం ఉంది. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఇంటి పేరు ఇక్కొకు. క్షణం, కాస్తంత సేపు అని అర్థం. ఐదో నంబరు గదిలో యూసకు గొదాయ్ ఉంటాడు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పి, మళ్లీ రాయడానికి చదువుతున్న కుర్రాడు. జపాన్‌లో అలాంటివాళ్లని రోనిన్ అంటారు. మన దగ్గర లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉన్న పిల్లాడు అంటే చాలు, వాడి ముఖం, వాడి దిగులు, ఇంటి నుంచి ఫోనొస్తే వాడు పడే ఇబ్బంది అన్నీ మన కళ్లముందు ఉంటాయి. వాడి చుట్టూ ఉన్నవాళ్లు వాణ్ణి చదవనివ్వరు. వాడి గదిలోనే కూర్చుని తాగుతారు, పాడతారు, విసనకర్రలు పట్టుకుని ఆడతారు. ఇక భరించలేక సామాను సర్దుకుని వెళ్లిపోదామనుకున్న రోజునే ఇంటికి కొత్త మేనేజరు వస్తుంది. పేరు క్యోకో ఒతొనాషి. వయసులో వీడికంటే కాస్తే పెద్ద. వెంట ఒక ముసలి తెల్ల కుక్క. వీడు వెళ్లడం మానేస్తాడు.

ఇక్కడిదాకా చదివి ఇది మామూలు ప్రేమ హాస్యం అనుకునేవాళ్లు చాలామంది. ఆ అభిప్రాయం మొదటి వాల్యూమ్‌లోనే పోవాలి. ఆవిడ ‘సోయిచిరోగారూ’ అని పిలిచే పేరు కుక్కది మాత్రమే కాదు. అది చనిపోయిన ఆవిడ భర్త పేరు. హైస్కూల్లో తనకి పాఠం చెప్పిన మాస్టారిని పెద్దవాళ్లు వద్దన్నా పట్టుబట్టి పెళ్లి చేసుకుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆయన పోయాడు. ఇల్లు మామగారిది. ఇంట్లో కూర్చుని కుమిలిపోకుండా ఏదో ఒక పనిలో ఉండాలని ఆయనే ఈ బాధ్యత అప్పగించాడు.

ఈ విషయం తెలుగు పాఠకులకి ఇంకాస్త లోతుగా తగులుతుంది. వితంతువు మళ్లీ పెళ్లి అనగానే మనకి 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు జరిపించిన వివాహం, దాని చుట్టూ జరిగిన రభస గుర్తొస్తాయి. ఆ తర్వాత ఈ విషయం మీద వచ్చిన మన కథలు చాలావాటిలో అడ్డు బయటే ఉంటుంది. ఊరు ఒప్పుకోదు, కులం వెలేస్తుంది, అత్తగారు తలుపు మూస్తుంది. ‘మెజోన్ ఇక్కొకు’లో బయట ఏ అడ్డూ లేదు. నీకింకా బోలెడు జీవితం ఉంది, మళ్లీ పెళ్లి చేసుకో అని క్యోకో అమ్మ పోరుతుంది. నాన్న ఏడుస్తాడు. మామగారు స్వయంగా, మా ఇంటిపేరు వదిలెయ్యమ్మా, నీ మంచికే చెబుతున్నాను అంటాడు. అడ్డమంతా ఆవిడ లోపలే ఉంది. మళ్లీ ప్రేమిస్తే, ఆ మనిషి మీద అప్పుడు పెట్టుకున్న ప్రేమ అబద్ధమైపోతుందా అన్నది ఆవిడ ప్రశ్న. దానికి జవాబు ఇంకెవరూ చెప్పలేరు. అందుకే ఆరేళ్లు పడుతుంది.

ఇంటిపేరు సంగతి ముందే తెలిసి ఉంటే కొన్ని సన్నివేశాల బరువు తెలుస్తుంది. జపాన్‌లో ప్రతి కుటుంబానికీ ప్రభుత్వం దగ్గర కొసెకి అనే రిజిస్టరు ఉంటుంది. పెళ్లయిన ఇద్దరూ అందులో ఒకే ఇంటిపేరుతో ఉండాలి. భర్త పోయినంత మాత్రాన ఆ పేరు దానంతటది మారదు. భార్య కావాలనుకుంటే కాగితం పెట్టుకుని పుట్టింటి పేరుకి వెళ్లవచ్చు. క్యోకో పుట్టింటి పేరు చిగుసా. ఎవరెంత చెప్పినా ఆవిడ ఆ కాగితం మీద సంతకం పెట్టదు. పైకి చూస్తే ఆఫీసు పని. కానీ ఆవిడ దృష్టిలో ఆ సంతకం సోయిచిరో చావుని తన చేత్తో ఖాయం చేయడం. ఈ మాంగాలో పెద్ద పెద్ద గొడవలన్నీ ఇలాంటి చిన్న కాగితాల చుట్టూ, ఒక డైరీ చుట్టూ, ఒక గొడుగు చుట్టూ తిరుగుతాయి.

సోయిచిరో ముఖాన్ని తకహాషి కథ మొత్తంలో ఒక్కసారి కూడా చూపించరు. ఫొటో వస్తుంది, ముఖం మీద నీడ. జ్ఞాపకాల్లో వస్తాడు, అక్కడా ముఖం కనిపించదు. గొదాయ్‌కి తన పోటీదారు ఎలా ఉండేవాడో తెలియదు, మనకీ తెలియదు. చచ్చిపోయిన మనిషి తప్పు చేయడు, ముసలివాడు కాడు, అద్దె బాకీ పడడు. అలాంటివాడితో పోటీ ఎలా పెట్టుకోవాలి? ఆ ఖాళీ ముఖం గొదాయ్ భయానికి సరైన బొమ్మ. ఇంతే నిడివిలో వచ్చిన వేరే ప్రేమ మాంగాల్లో పాత ప్రేమికుణ్ణి ఫ్లాష్‌బ్యాక్ పేరుతో పది చాప్టర్లు నడిపిస్తారు. అక్కడ కన్నీళ్లు తొందరగా వస్తాయి, తొందరగానే ఆరిపోతాయి.

కథలో కాలం నిజంగా గడుస్తుంది. పత్రికలో ఏ నెలలో వచ్చిందో కథలోనూ దాదాపు అదే రుతువు. చెర్రీ పూలు, వానాకాలం, వేసవి పండగలు, కొత్త సంవత్సరం మళ్లీ మళ్లీ తిరిగొస్తాయి. ఒకటో గదిలోని ఇచినొసెగారి అబ్బాయి కెంతరో కథ మొదట్లో చిన్న పిల్లాడు. చివరికి పొడుగయ్యి వేరే స్కూలుకి వెళ్తుంటాడు. గొదాయ్ పరీక్ష పాసై పేరున్నది కాని యూనివర్సిటీలో చేరతాడు, అది పూర్తవుతుంది, ఉద్యోగాల వేట మొదలవుతుంది, వచ్చిన ఉద్యోగం చేరకముందే కంపెనీ మునిగిపోతుంది. తర్వాత ఒక కేబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకునే పని దొరుకుతుంది. ఆ పనిలోనే తనకేం చేతనవునో వాడికి అర్థమవుతుంది. పసిపిల్లలని చూసుకునే మగవాణ్ణి 1980ల మధ్యలో, కుర్ర మగవాళ్లు చదివే పత్రికలో హీరోగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. ఆ కేబరే చాప్టర్లలో వాడి చంక ఎక్కి నిద్రపోయే పిల్లల బొమ్మల్ని నెమ్మదిగా చూడండి. హడావిడి ఏమీ ఉండదు. కానీ క్యోకో వాడిలో ఏం చూసిందో అక్కడే ఉంది.

ఇంకో సరదా సంగతి, పేర్ల లెక్క. జపనీస్ అక్షరాలు చదవలేనివాళ్లకి ఇది తెలిసే దారి లేదు. ఇంట్లోవాళ్ల ఇంటిపేర్లలో వాళ్ల గది నంబరు దాగి ఉంటుంది. ఒకటో గదిలో ఇచినొసె, ఇచి అంటే ఒకటి. రెండో గదిలోకి తర్వాత వచ్చే నికాయ్‌దోలో రెండు, నాలుగో గది యొత్సుయలో నాలుగు, గొదాయ్‌లో ఐదు, ఆరో గది రొప్పొంగిలో ఆరు. మూడో గది ఖాళీ. మూడు ఉన్నది క్యోకో వెంటపడే టెన్నిస్ కోచ్ మితకా పేరులో. అతను డబ్బున్నవాడు, అందగాడు, మంచివాడు కూడా. కుక్కలంటే మాత్రం ప్రాణభయం. అతను ఈ ఇంటివాడు ఎప్పటికీ కాలేడని పేరే చెబుతోంది. ఏడు గొదాయ్‌తో తిరిగే కొజుయె ననావొది, ఎనిమిది గొదాయ్ మీద మనసుపడే విద్యార్థిని యాగమిది, తొమ్మిది మితకాకి పెద్దలు చూసే సంబంధం కుజోది. ఇక క్యోకో పేరు ఒతొనాషి. ‘చప్పుడు లేనిది’ అని అర్థం, లేమి అంటే సున్నా. అందరి లెక్కా ఆవిడ దగ్గర మొదలవుతుంది.

పిలుపుల విషయంలో తెలుగువాళ్లకి ఇంగ్లీషు పాఠకులకంటే ఒక మెట్టు ఎక్కువ సౌకర్యం ఉంది. ఆవిడని ఇంట్లో అందరూ ‘కన్‌రినిన్-సాన్’ అంటారు. ‘మేనేజరుగారూ’ అన్నట్టు. గొదాయ్ కూడా ఎక్కువసార్లు అలాగే పిలుస్తాడు. ‘క్యోకోగారు’ అన్న మాట మనసులో ఉంటుంది, తాగినప్పుడు బయటికి వస్తుంది. మొదటి వాల్యూమ్‌లో ఒక రాత్రి పూటుగా తాగి, వీధి వీధంతా వినేలా ఆ పేరు పెట్టి ప్రేమిస్తున్నానని అరిచేస్తాడు. పొద్దున్నే పేటంతా గుసగుసలు. పరువు పోయింది నిజమే, కానీ అంతకంటే పెద్ద సంగతి పిలుపు మారడం. ఆవిడా వాణ్ణి ‘గొదాయ్‌గారు’ అనే అంటుంది. ఇంగ్లీషు ‘యూ’లో ఈ తేడాలన్నీ కలిసిపోతాయి. చదివేటప్పుడు వాళ్ల మాటల్ని లోపల ‘మీరు’తో వినండి. ఆ ‘మీరు’ ఎంత గట్టిగా నిలబడిందో తెలిస్తే, ఆఖరి వాల్యూమ్‌లలో గొంతు మారే చోట గుండె ఆగినంత పనవుతుంది.

ఇప్పుడు కొనడం సంగతి. ఇంగ్లీషులో ఈ మాంగా విజ్ మీడియా ద్వారా ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చింది. 1990లలో వచ్చిన పాత పుస్తకాల్లో బొమ్మల్ని అద్దంలో చూసినట్టు తిప్పేసి, ఎడమ నుంచి కుడికి చదివేలా చేశారు. కొన్ని చాప్టర్లు వదిలేశారు కూడా. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరికినా వాటి జోలికి వెళ్లకండి. తిప్పేసిన పేజీలో అందరూ ఎడమచేతివాటం అయిపోతారు, కిమోనో అంచులు తలకిందులవుతాయి. జపాన్‌లో కిమోనో కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి మాత్రమే. చావు నీడ మీద నడిచే కథలో ఇది చిన్న పొరపాటు కాదు.

కొనాల్సింది 2020లో మొదలై పది వాల్యూమ్‌లుగా పూర్తయిన కలెక్టర్స్ ఎడిషన్. జపనీస్ పదిహేనుని పదికి సర్దారు కాబట్టి ఒక్కోటి ఒకటిన్నర పాత వాల్యూమ్‌కి సమానం, మూడు వందల పేజీలు దాటుతుంది. సైజు మామూలు మాంగా కంటే పెద్దది. తకహాషి బొమ్మల్లో వెనకాల గోడ బీటలు, ఆరేసిన బట్టలు, బల్లమీద సీసాలు కూడా కథ చెబుతాయి కాబట్టి ఆ సైజు అవసరమే. ఒక్కోదాని ముద్రిత ధర 24.99 డాలర్లు. మొత్తం సెట్ దాదాపు 250 డాలర్లు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ముందు దగ్గరలోని పబ్లిక్ లైబ్రరీలో వెతకండి, లేకపోతే తెప్పించమని అడగండి. ఇండియాలో దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువే, పైగా మధ్య వాల్యూమ్‌లు ఒక్కోసారి దొరకవు. కొనేముందు పదీ అందుబాటులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆరోది లేకుండా ఏడోది చదవడం ఈ కథలో కుదరదు.

డిజిటల్‌లో చదివేవాళ్లకి ఒక మాట. ఒక్కో ప్యానెల్‌నీ, అంటే పేజీలోని ఒక్కో బొమ్మ గడినీ, విడిగా పెద్దది చేసి చూపించే పద్ధతిలో చదవకండి. తకహాషి నిశ్శబ్దాన్ని పేజీ మొత్తంలో పరుస్తారు. మాటలున్న మూడు ప్యానెళ్ల తర్వాత ఖాళీ వీధి, తర్వాత కిటికీ, తర్వాత మళ్లీ ముఖం. ఆరూ ఒకేసారి కంట్లో పడితేనే ఆ ఆగడం తెలుస్తుంది. విడగొడితే అది ఆరుసార్లు వేలితో తట్టడం అవుతుంది, అంతే. ఫోన్ వద్దు, టాబ్లెట్‌లో పూర్తి పేజీ పెట్టుకోండి.

మాంగాకి కొత్తవాళ్లు మన పుస్తకాల్లో వెనక అట్ట ఉండే వైపు నుంచి మొదలుపెట్టాలి. పేజీలో పైన కుడి మూల ప్యానెల్ మొదటిది, మాటల బుడగలు కూడా కుడి నుంచి ఎడమకే. పెద్దగా కష్టం లేదు, రెండు చాప్టర్లయ్యాక చేతికొచ్చేస్తుంది. ఈ ఇంట్లో మాత్రం ఒకే ప్యానెల్‌లో ఐదుగురు మాట్లాడతారు. ఎవరి తర్వాత ఎవరన్నది తప్పితే జోకు పోతుంది. బుడగ తోక ఎవరి వైపు ఉందో చూడండి.

అసలు తప్పు జరిగేది వేగంలో. చాప్టర్ ఇరవై పేజీలకి అటూఇటూగా ఉంటుంది. ఒకేసారి కూర్చుని ఒక వాల్యూమ్ నమిలేయవచ్చు. అలా చదివినవాళ్లే మధ్యలో విసిగిపోతారు. ఎందుకంటే ఇందులో అపార్థాల వరస పెద్దది. వీడు ఆ అమ్మాయితో కనిపించాడు, ఆవిడ చూసింది, అలిగింది, వీడు చెప్పబోయాడు, ఫోన్ మోగింది. చేతిలో సెల్‌ఫోన్ లేని రోజులు. ఇంట్లో ఫోనొస్తే తీసేది చాలాసార్లు క్యోకోనే. కొజుయె గొదాయ్ కోసం చేసినా ముందు ఆవిడతో మాట్లాడాల్సిందే. పత్రికలో వారాలు, నెలలు విడిచి చదివినవాళ్లకి ఇది విసుగు కాదు, ఇంటి పక్కన జరుగుతున్న సంగతి. మీరూ కాస్త విడిచి చదవండి. రోజుకి నాలుగు చాప్టర్లు సరిపోతుంది. ఒక్కో వాల్యూమ్‌కి నాలుగు రోజులు, మొత్తం నలభై రోజులు. రెండేసి వాల్యూమ్‌ల మధ్య వారం ఆగినా మంచిదే. ఆ ఎదురుచూపు కూడా కథలో భాగమే.

లోపాలు లేవని కాదు. కలెక్టర్స్ ఎడిషన్‌లో ఐదు నుంచి ఏడు వాల్యూమ్‌ల దాకా కథ కొన్నిచోట్ల చుట్టూ తిరుగుతుంది. రెండో గదిలోకి వచ్చే నికాయ్‌దో ఒక కొత్త నవ్వు తెస్తాడు గానీ, తర్వాత అతనికి చేయడానికేమీ ఉండదు. 1986 నుంచి 1988 దాకా వచ్చిన తొంభై ఆరు ఎపిసోడ్ల టీవీ యానిమేలో అతన్ని పూర్తిగా తీసేసినా కథకి ఏమీ కాలేదు. గొదాయ్ టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లిన చోట విద్యార్థిని యాగమి వాడి మీద మనసుపడే వరస అన్నిటికంటే సాగిపోయింది. వాడు తప్పుకుంటూనే ఉంటాడు, అది సరే. క్యోకో తన గతాన్ని ఆ పిల్లలో చూసుకుని కలవరపడే రెండు మూడు చోట్ల కథకి పదును వస్తుంది. ఆ తర్వాత కూడా దాన్ని హాస్యం కోసం లాగడం అనవసరం. మాస్టారుని పెళ్లి చేసుకోవడాన్ని కథ ఎక్కడా గట్టిగా ప్రశ్నించదు. ఇవాళ చదివేవాళ్లకి అక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

ఇంకా పెద్ద ఫిర్యాదు కొజుయె విషయంలో. గొదాయ్ ఆ అమ్మాయిని ప్రేమించడు, కానీ ఆ మాట చెప్పే ధైర్యం లేక ఏళ్ల తరబడి కాఫీలు, సినిమాలు, ఆ అమ్మాయి ఇంట్లో భోజనాలు నడిపిస్తాడు. రచయిత్రి దాన్ని వాడి మెతకతనంగా చూపిస్తారు. అది మెతకతనం కాదు, ఇంకొకరి కాలాన్ని వృథా చేయడం. మితకా కథ ముగిసే తీరు కూడా కాకతాళీయం మీద ఎక్కువ ఆధారపడుతుంది. అంత ఓపికగా కట్టిన మనిషిని అలా పక్కకి జరపడం తకహాషి స్థాయికి తగ్గ పని అనిపించదు.

పెద్దవాళ్ల విషయాలు ఎంతమేరకు ఉన్నాయని అడిగేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. తాగుడు ప్రతి రెండో చాప్టర్‌లో ఉంటుంది. ఆరో గదిలో ఉంటూ బార్లో పనిచేసే అకెమి పల్చటి నైట్‌గౌనులోనే ఇల్లంతా తిరుగుతుంది. నాలుగో గది యొత్సుయ గోడకి కన్నం పెట్టి గొదాయ్ గదిలోకి దూరతాడు, తొంగిచూసే జోకులు ఆ కాలానివి. స్నేహితుడు గొదాయ్‌ని డబ్బిచ్చి వెళ్లే చోట్లకి లాక్కెళ్తాడు. చివరి రెండు వాల్యూమ్‌లలో శారీరక ప్రేమ వస్తుంది. తకహాషి దాన్ని చూపించి అమ్ముకోలేదు. మొదటి ప్రయత్నం ఎందుకు కుదరలేదో రాసిన తీరు చాలా పెద్దమనసుతో రాసినది. చచ్చిపోయిన మనిషి ఆ గదిలో కూడా ఉన్నాడు. ప్రేమ కథల్లో శృంగారాన్ని బహుమతిగా ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఇక్కడ అది ఇంకో ప్రశ్న, జవాబు కోసం ఇద్దరూ మళ్లీ మొదటికి రావాలి. పదిహేను, పదహారేళ్ల పిల్లలు చదివితే నష్టమేమీ లేదు గానీ, అద్దె కట్టి, ఉద్యోగం కోసం తిరిగి, ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకి ఇది పూర్తిగా అందుతుంది.

పదో వాల్యూమ్‌లో సమాధి దగ్గర ఒక చాప్టర్ ఉంది. అక్కడేం జరుగుతుందో ఇక్కడ చెప్పడం లేదు. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు వెనక నిలబడి వింటున్నారో, కుక్క ఎక్కడుందో మాత్రం చూసుకోండి. తొమ్మిది వాల్యూమ్‌లు సాగిన పోటీ అక్కడ పోటీ కాకుండా పోతుంది, ఎవరూ ఓడిపోకుండా. దానికి ముందు వచ్చే మాటలన్నీ, ఊడ్చిన వాకిళ్లన్నీ ఆ పేజీల కోసం దాచిపెట్టినవే. అందుకే ముగింపు గురించి ఎక్కడా వెతక్కండి. ఇంటర్నెట్‌లో ఆ మాటలు విడిగా బొమ్మలుగా దొరుకుతాయి, కానీ విడిగా చదివితే వాటిలో ఏమీ ఉండదు.

ఒకేసారి పదీ కొనడానికి చెయ్యి ఆడకపోతే మొదటిదీ రెండోదీ కలిపి తీసుకోండి. మొదటిది ఒక్కటే చదివితే తాగుబోతుల ఇంట్లో ఒక అమాయకుడి కథ అనిపించి ఆపేసే ప్రమాదం ఉంది. రెండోది అయ్యేలోపు మితకా వచ్చేస్తాడు, కొజుయె వచ్చేస్తుంది, క్యోకో మొదటిసారి అసూయపడి అది అసూయ అని ఒప్పుకోదు. అప్పుడు మూడోది ఆర్డర్ పెట్టాలో లేదో మీకే తెలుస్తుంది. తొమ్మిది, పది మాత్రం తప్పకుండా జంటగా కొనండి. తొమ్మిదోది ముగించి పదోది పార్సిల్‌లో రావడం కోసం వారం పది రోజులు కూర్చోవడం చాలా కష్టం.